కరెంటు లేని లైనుపై మూలిగిన ట్రాన్స్‌ఫార్మర్

అది 2023 ఎండాకాలం. మెదక్ టౌన్‌లో నేను విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఎండలు ముదిరాయంటే మా శాఖలో ఎవరికీ కంటి నిండా నిద్ర ఉండదు. ఊరంతా కూలర్లు, ఏసీలు ఒక్కసారిగా మొదలవుతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాగిపోతాయి, ఫ్యూజులు ఎగిరిపోతాయి. పెళ్ళిళ్ళ సీజన్ కూడా సరిగ్గా అప్పుడే వచ్చి పడుతుంది. కరెంటు పోతే పెళ్ళికూతురు తండ్రి దగ్గర్నుంచి వంటవాడి దాకా అందరూ నాకే ఫోన్ చేస్తారు.

ముందుగా నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను పిరికివాణ్ణి. కరెంటు ఇంజనీరు చెప్పుకోదగ్గ మాట కాదు గానీ నిజం. మా వాళ్ళు స్తంభం ఎక్కే ముందు "లైన్ క్లియర్ తీసుకున్నమా?" అని, అంటే కరెంటు ఆపించామా అని, ఒకసారి అడుగుతాను. ఎక్కుతుండగా మళ్ళీ అడుగుతాను. పైకి చేరాక మరోసారి. ఇంట్లో మిక్సీ ప్లగ్గు పీకేటప్పుడు కూడా నేను వెనక్కి వాలి పీకుతానని నా భార్య అందరికీ చెప్పి నవ్విస్తుంది. ఆఫీసులో నాకు 'భయం సార్' అని పేరు పెట్టిన సంగతి నాకు తెలుసు. పెట్టినవాడు సత్తయ్య అనీ తెలుసు.

సత్తయ్య మా సీనియర్ లైన్‌మన్. శివ్వంపేట వైపు మనిషి, నాకన్నా పెద్దవాడు. అందుకే నేను సత్తన్నా అని పిలుస్తాను. స్తంభం ఎక్కితే దిగబుద్ధి కానట్టు కూర్చుంటాడు. "చర్చి గోపురం ఇక్కడి నుంచి మస్తు కనబడ్తది సార్, మీరూ ఒకసారి ఎక్కుండ్రి" అని నన్ను ఉడికించేవాడు. నేను మూడోసారి లైన్ క్లియర్ గురించి అడిగినప్పుడల్లా పైనుంచి ఒకటే మాట. "సార్, కరెంటు కన్నా మీరే ఎక్కువ షాక్ ఇస్తుండ్రు!"

నాకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళినా ముందు ఆగి చెవి పెట్టి వింటాను. దాని మూలుగు వినడం వచ్చినవాడికి దాని ఆరోగ్యం సగం తెలిసిపోతుంది. ఆ మూలుగు ఎక్కడిదో చెప్పాలంటే లోపల ఏముంటుందో చెప్పాలి.

ఆ ఇనుప తొట్టిలో, నూనెలో మునిగి, పలచటి ఇనుప రేకుల దొంతర ఒకటి ఉంటుంది. దాన్ని 'కోర్' అంటాం. దాని చుట్టూ రెండు రకాల తీగ చుట్లు ఉంటాయి. ఒక చుట్టకూ ఇంకో చుట్టకూ మధ్య తీగ సంబంధం లేదు. ఒకదాంట్లోకి కరెంటు పంపితే కోర్‌లో అయస్కాంత శక్తి పుడుతుంది. మన కరెంటు క్షణక్షణం దిక్కు మార్చుకునే రకం కాబట్టి ఆ అయస్కాంతం కూడా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, ఆ కదలిక రెండో చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. చుట్లు ఎక్కువున్న వైపు వోల్టేజీ ఎక్కువ, తక్కువున్న వైపు తక్కువ. ఈ అయస్కాంతపు లాగుడుకు కోర్ రేకులు సన్నగా సాగుతూ ముడుచుకుంటూ ఉంటాయి. మనకు వినబడే మూలుగు అదే. కరెంటు లేకపోతే మూలుగు లేదు.

ఇదంతా ఎందుకని చాలామంది అడుగుతారు, విద్యుత్ కేంద్రంలో పుట్టిన కరెంటును అలాగే ఇంటికి పంపకూడదా అని. పంపితే దారిలోనే సగం వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. తీగలో కరెంటు ఎంత ఎక్కువ పారితే అంత వేడి. వోల్టేజీ పెంచితే అదే శక్తిని తక్కువ కరెంటుతో మోయించవచ్చు. అందుకే విద్యుత్ కేంద్రం దగ్గరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీని లక్షల్లోకి ఎక్కిస్తారు, ఊళ్ళు దగ్గర పడుతున్నకొద్దీ ఒక్కో సబ్‌స్టేషన్‌లో దించుకుంటూ వస్తారు. మన వీధిలోకి వచ్చేసరికి పదకొండు వేల వోల్టులు. వీధి మలుపులో స్తంభాల మధ్య కూర్చున్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని ఇంటికి పనికొచ్చే వోల్టేజీకి దించుతుంది.

ఇక ఆ రోజు సంగతి. చేగుంట వెళ్ళే రోడ్డు వైపు మా పదకొండు వేల వోల్టుల లైను నుంచి ఒక కొమ్మ విడిపోయి ఒక ఫంక్షన్ హాలు దాకా పోతుంది. ఆ కొమ్మ చివర ఉన్నది ఒక్కటే ట్రాన్స్‌ఫార్మర్, హాలు సొంతానికి పెట్టుకున్నది. కొమ్మ విడిపోయే స్తంభం దగ్గర 'జంపర్' సగం కాలిపోయింది. జంపర్ అంటే స్తంభానికి ఇటు ఉన్న తీగనూ అటు ఉన్న తీగనూ కలిపే చిన్న తీగముక్క. అది తెగి రోడ్డు మీద పడితే మనుషులు పోతారు. ఇక మూడు తీగలవీ వెంటనే మార్చాలి. హాలులో ఆ రోజు పెళ్ళి ఉందని తెలిసి ముందు రోజే మేనేజర్ శ్రీనివాస్‌కు కబురు పంపాను. పొద్దున పూట కాసేపు కరెంటు ఉండదని చెబితే "ఫికర్ లేదు సార్, జనరేటర్ ఉన్నది" అన్నాడు.

ఆ పెళ్ళి మహబూబ్ భాయ్ కూతురిది. టౌన్‌లో ఆయనది వాచీలు బాగుచేసే దుకాణం. సత్తయ్యకు పాత దోస్తు. పెళ్ళి కార్డు సత్తయ్య బండి డబ్బాలోనే ఉంది. ఆ పొద్దున మాతో వచ్చేటప్పుడే చెప్పాడు. "సార్, జంపర్ జల్ది ఏసేద్దాం. పన్నెండు కొట్టంగనే దావత్‌ల ఉండాలె. మహబూబ్ భాయ్ బిర్యాని ఒద్దంటే ఊకోడు."

సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకున్నాను. అంటే ఆ లైనుకు కరెంటు ఆపించుకోవడం. తీసుకున్నవాడు పని అయిందని తిరిగి చెప్పేదాకా, ఎవరు బతిమాలినా ఆపరేటర్ కరెంటు ఇవ్వడు. ఆ తర్వాత పొడవాటి కర్రలతో కింది నుంచే తీగలకు 'ఎర్త్ రాడ్లు' తగిలించాలి. మూడు తీగలనూ కలిపి భూమికి కట్టేయడం అన్నమాట. పొరపాటున ఎవరైనా కరెంటు ఇచ్చినా అది మనిషిని పట్టుకోకుండా భూమిలోకి పోతుంది.

రాడ్లు పని జరిగే చోటుకు రెండు పక్కలా వేయాలని నియమం. మా దగ్గర వాడుక మాత్రం ఒక పక్కే. సబ్‌స్టేషన్ ఉన్న దిక్కున వేస్తారు. కరెంటు వచ్చేది అటునుంచే కాబట్టి రెండో పక్క వేయడం అంటే ఎండలో ఊరికే ఇంకోసారి కర్రలు ఎత్తి దించడమని అందరి నమ్మకం. ఏళ్ళ తరబడి అలాగే చేశారు, ఏమీ కాలేదు. ఏమీ కాలేదన్నదే వాళ్ళ ధైర్యం. నాకు ఆ ధైర్యం ఎప్పుడూ చాలదు.

ఆ రోజు కూడా సబ్‌స్టేషన్ వైపు రాడ్లు వేసి సత్తయ్య స్తంభం ఎక్కాడు, జంపర్ పనికి దిగబోయాడు. నేను ఆపాను.

"సత్తన్నా, హాలు దిక్కు గూడ ఏసినంకనే జంపర్ ముట్టు."

"అటు దిక్కు ఏమున్నది సార్? ఆఖరుకు హాలు ట్రాన్స్‌ఫార్మర్. దాని నుంచి ఎనకకు కరెంటు వస్తదా?" అని నవ్వాడు. కింద నిలబడ్డ నర్సింలు కూడా నవ్వాడు. నర్సింలు మా అసిస్టెంట్ లైన్‌మన్, సత్తయ్య ఏది చేస్తే అది ఒప్పు అతనికి.

"వస్తదో రాదో, ఏసినంకనే," అన్నాను.

రెండో సెట్టు రాడ్లు జీపులోంచి తీశాం. రాడ్డును భూమి తీగకు బిగించే క్లాంపు ఒకటి వదులైంది. నర్సింలు దాన్ని బిగించడానికి కూర్చున్నాడు. "బిగించి ఏస్తం సార్, మీరు పోండ్రి" అన్నాడు సత్తయ్య. లైను ఆగి ఉన్నప్పుడే హాలు ట్రాన్స్‌ఫార్మర్ నూనె మట్టం చూడాల్సిన పని నాకు ఉంది. వాళ్ళిద్దరి ఫోన్లూ సత్తయ్య బండి డబ్బాలో పెట్టించి, జీపు ఎక్కి మలుపు దాటి వెళ్ళాను. పని దగ్గర ఫోన్లు జేబులో ఉండకూడదన్నది నేను పెట్టిన కట్టుబాటు. పైనున్నవాడు ఫోన్ ఎత్తి మాట్లాడతాడేమోనని నా భయం.

హాలు ముందు కార్లు, బైకులు, పూల తోరణాలు. ట్రాన్స్‌ఫార్మర్ రోడ్డు పక్కన, కంచె లోపల ఉంది. అలవాటుగా ముందు నిలబడి విన్నాను. నిశ్శబ్దం. తృప్తిగా కంచె తలుపు తీసి లోపలికి వెళ్ళాను. నూనె మట్టం బాగుంది. ట్రాన్స్‌ఫార్మర్ పీల్చే గాలిలోని తేమను ఆపే సీసాలో నీలి గుళికలు గులాబీ రంగుకు తిరిగాయి, అంటే అవి తడిని తాగేశాయి, మార్చాలి. అది మనసులో పెట్టుకుని బయటికి రాబోతున్నాను.

అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది.

మొదట హాలులో ఏదో మిషన్ అనుకున్నాను. ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ విన్నాను. సందేహం లేదు. నెత్తి మీద, చేతికందేంత దూరంలో, కరెంటు లేని లైనుకు కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ నిండు ప్రాణంతో మూలుగుతోంది. కంచె బయటికి ఎలా వచ్చానో నాకు తెలియదు.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాను. "లైన్ ఇచ్చినవా?" అని అరిచాను.

"నేనెట్ల ఇస్త సార్? లైన్ క్లియర్ మీ పేరు మీదనే ఉన్నది గద!" ఆపరేటర్ నాకన్నా ఎక్కువ కంగారుపడ్డాడు.

తల తిప్పి హాలు వైపు చూశాను. ఇందాక చీకటిగా ఉన్న కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయి. మైకులో ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. జనరేటర్ వేశారు.

అప్పుడు అంతా ఒక్కసారిగా అర్థమైంది. జనరేటర్ ఉన్నచోట 'చేంజోవర్ స్విచ్' అని ఒకటి ఉంటుంది. దాని పిడి ఒక పక్కకు తిప్పితే మా కరెంటు, ఇంకో పక్కకు తిప్పితే జనరేటర్. రెండూ ఎప్పుడూ కలవకూడదు. ఇక్కడ కలిశాయి. జనరేటర్ కరెంటు హాలుకు పోవడంతో ఆగకుండా మీటరు దాటి వెనక్కి, ట్రాన్స్‌ఫార్మర్‌లో తక్కువ వోల్టేజీ వైపు చుట్టలోకి వస్తోంది. ఇటు నుంచే రావాలి, అటే పోవాలి అన్న పట్టింపు ట్రాన్స్‌ఫార్మర్‌కు లేదు. పై నుంచి ఇస్తే దించుతుంది, కింది నుంచి ఇస్తే పెంచుతుంది. జనరేటర్ ఇచ్చిన నాలుగు వందల చిల్లర వోల్టులు ఆ తొట్టి దాటేసరికి మళ్ళీ దాదాపు పదకొండు వేలు. అవి నేరుగా సత్తయ్య కూర్చున్న స్తంభం వైపు పోతున్నాయి.

అంతకన్నా ఘోరమైన సంగతి ఆ మూలుగే చెబుతోంది. హాలు దిక్కు రాడ్లు వేసి ఉంటే, ఈ కరెంటు భూమికి తగిలి జనరేటర్ ఎప్పుడో ఆగిపోయేది. జంపర్లు విప్పకుండా ఉన్నా సబ్‌స్టేషన్ వైపు రాడ్ల వల్ల ఆగిపోయేది. ట్రాన్స్‌ఫార్మర్ హాయిగా మూలుగుతోందంటే రాడ్లు వేయలేదు, మూడు జంపర్లూ విప్పేశారు. సత్తయ్య ఇప్పుడు ఆ తీగ పక్కనే ఉన్నాడు.

నర్సింలు ఫోన్‌కు చేశాను. మోగుతూనే ఉంది. సత్తయ్యది కూడా మోగింది. రెండూ బండి డబ్బాలో, పెళ్ళి కార్డు పక్కన మోగుతుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన లైనును విడదీసే పెద్ద పిడి ఉంది, పరుగెత్తి వెళ్ళి దానికి వేలాడాను. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కదల్లేదు. జీపులో సత్తయ్య దగ్గరికి పోవాలా, హాలులోకి పోవాలా? అక్కడికి చేరేలోపు అతను తీగ పట్టుకుంటే? ఇప్పటికే పట్టుకుని ఉంటే? కాళ్ళు నన్ను అడగకుండానే హాలు వైపు పరుగెత్తాయి.

గుమ్మంలో శ్రీనివాస్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "రండ్రి సార్, భోజనం..."

"జనరేటర్ ఎక్కడ?"

"ఎనక, వంటల దగ్గర. మాది ఖరాబైంది సార్, టెంట్ హౌసోళ్ళ దగ్గర కిరాయికి తెచ్చినం. లేటుగ వచ్చింది. గిప్పుడే..."

"ఎట్ల కలిపిండ్రు? చేంజోవర్ మీద కలిపిండ్రా?"

"అది కాలిపోయుండె సార్. డైరెక్ట్ ఇచ్చిండు." ఎంత మామూలుగా చెప్పాడో. మెయిన్ స్విచ్ ఆన్‌లోనే ఉంచి, దాని కింద నేరుగా తీగలు బిగించేశారు.

నేను హాలు మధ్యలోంచే పరుగెత్తాను. ఒక పక్క మగవాళ్ళు, తెర అవతల ఆడవాళ్ళు, వేదిక మీద ఖాజీ సాబ్. పెళ్ళికొడుకు ముఖం మీద పూల సెహ్రా. మైకులో ఖాజీ గారు ఏదో అడుగుతున్నారు. శ్రీనివాస్ వెనకాలే వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"సార్, నిఖా అయితున్నది. కబూల్ అనేదాక ఆగుండ్రి, మీ కాళ్ళు మొక్కుత."

"మనిషి సస్తడు!" అని అతన్ని నెట్టేశాను. నా జీవితంలో ఎవరినీ అలా నెట్టలేదు.

వెనక గాడిపొయ్యిల పొగలో జనరేటర్ డబ్బా కనిపించింది. నడిపేవాడు లేడు, తినడానికి వెళ్ళాడట. డబ్బా తలుపుకు తాళం. ఎర్ర మీట ఒకటి ఉండాలి, ఏ పక్కన ఉంటుందో ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. ఏళ్ళ తరబడి ఇలాంటివి చూసినవాణ్ణి, గుడ్డివాడిలా డబ్బా చుట్టూ తడుముకుంటున్నాను. గరిటెలు పట్టుకుని వంటవాళ్ళు బిక్కమొహాలు వేసి చూస్తున్నారు. చివరికి మీట చేతికి తగిలింది. గుద్దాను.

జనరేటర్ దగ్గి ఆగిపోయింది. హాలులో మైకు మాట మధ్యలో తెగిపోయింది. ఒక్కసారిగా వందల గొంతులు.

తెల్లటి షేర్వానీలో మహబూబ్ భాయ్ పరుగున వచ్చాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు, కోపం రెండూ ఉన్నాయి. "ఏంది సాబ్ ఇది? నా బిడ్డ నిఖా! దుష్మన్ గూడ గిట్ల చెయ్యడు!"

నాకు ఊపిరి అందడం లేదు. "సత్తయ్య... పోల్ మీద ఉన్నడు. మీ జనరేటర్ కరెంటు ఎనకకు పోయి సత్తయ్య మీదికి పోతున్నది. బతికిండో లేదో నాకు తెల్వదు."

"మా సత్తయ్యా?"

"మీ సత్తయ్యనే. నేను పోతున్న. ఇది మళ్ళ ఎవడన్న స్టార్ట్ చేస్తే..."

ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాగి, జనరేటర్ డబ్బా తలుపుకు ఆనించి, ఆ షేర్వానీతోనే మసిలో కూర్చున్నాడు. "పో సాబ్. నేను లేస్తనే ఇది స్టార్ట్ అయితది. నువ్వు వచ్చి చెప్పేదాక లెవ్వ." శ్రీనివాస్ ఏదో అనబోతే కసిరాడు. "నిఖా ఆగుతది. ఖాజీ సాబ్‌కు చెప్పు, ఆగుతది."

జీపు ఆ మలుపు దాకా నేనే నడిపానంటే ఇప్పటికీ నమ్మలేను. సత్తయ్య భార్య ముఖం కనబడుతోంది. ఆమెకు ఏమని చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను, దారిలో బోరున ఏడ్చాను.

మలుపు తిరగ్గానే ముందు స్తంభం కిందికి చూశాను. అక్కడ ఎవరూ పడి లేరు. నర్సింలు తల పైకెత్తి, చేతిలో రాడ్డు పట్టుకుని కొయ్యబారి నిలబడ్డాడు. క్లాంపు ఇంకా బిగియలేదు. పైన సత్తయ్య ఉన్నాడు. నడుముకు బెల్టు, రెండు చేతులూ స్తంభాన్ని కావలించుకుని ఉన్నాయి. విప్పిన జంపర్ కొస ఒకటి అతని భుజం పక్కన వేలాడుతూ గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

"సత్తన్నా!"

మళ్ళీ పిలిచాను. అప్పుడు కొద్దిగా, చాలా కొద్దిగా, తల కదిలింది.

"దగ్గరికి రాకుండ్రి సార్. తీగెల కరెంటున్నది." గొంతు సత్తయ్యది కాదేమో అనిపించింది.

"బంద్ అయింది అన్నా! హాలు జనరేటర్ అది. నేనే బంద్ చేసిన."

"చప్పుడు ఆగింది సార్. అయినా నమ్మబుద్ధి అయితలేదు."

నర్సింలు చేతిలోంచి రాడ్డు తీసుకుని, క్లాంపు బిగించి, చేతి తొడుగులు వేసుకుని, కర్ర పొడవునా దూరంగా నిలబడి హాలు వైపు తీగలకు నేనే తగిలించాను. మొదటి తీగ రెండుసార్లు తప్పిపోయింది. మూడూ తగిలాక చెబితే గానీ సత్తయ్య స్తంభం మీద నుంచి చేతులు తీయలేదు. కిందికి దిగి అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.

నీళ్ళు తాగాక చెప్పాడు. క్లాంపు బిగించేదాకా ఆగడం ఎందుకని జంపర్లు విప్పేశాడట. దావత్‌కు ఆలస్యమవుతుందని. కొత్త తీగ కోసం తాడు లాగుతుంటే పక్కనున్న కొస దగ్గర చిటచిటమని సన్నటి చప్పుడు. చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఇంకో జానెడు జరిగి ఉంటే అంతే. దిగుదామంటే ఊగే కొస భుజానికి తగులుతుంది. నర్సింలును పిలుద్దామంటే వాడు కంగారులో క్లాంపు బిగియని రాడ్డే ఎత్తి తీగకు తగిలిస్తాడేమో. అందుకని స్తంభాన్ని పట్టుకుని, కదలకుండా, నోరు మూసుకుని కూర్చున్నాడు.

"ఏం యాదికొచ్చింది సత్తన్నా?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడించాలని.

"మీరే యాదికొచ్చిండ్రు సార్. ఏసినంకనే అన్నరు గద."

అతన్ని జీపులో కూర్చోబెట్టుకుని ముందు హాలుకే వెళ్ళాను. మహబూబ్ భాయ్ ఆ కుర్చీలోంచి లేవలేదు. నిఖా ఆగే ఉంది. లోపల ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు, మగపెళ్ళివారి పెద్దలు ఆయన చుట్టూ నిలబడి నచ్చజెబుతున్నారు, ఆయన మాత్రం డబ్బాకు వీపు ఆనించి కదలకుండా ఉన్నాడు. సత్తయ్యను చూసి లేచాడు. గట్టిగా కావలించుకున్నాడు. షేర్వానీ వెనకంతా నల్లటి మసి, సత్తయ్య బట్టల మట్టి ముందు వైపు అంటింది. మహబూబ్ భాయ్ అలాగే వేదిక దగ్గరికి వెళ్ళాడు. మైకు లేకుండానే పెళ్ళి జరిగింది. ఖాజీ సాబ్ గొంతు పెంచి అడిగారు, కబూల్ అన్న మాట వెనక వరసలో నిలబడ్డ మా ఇద్దరికీ వినబడింది.

నేను జనరేటర్ తీగలు విప్పించి, మెయిన్ స్విచ్‌కు సీలు వేయించాను. చేంజోవర్ కొత్తది పెట్టి నాకు చూపించేదాకా ఆ హాలుకు జనరేటర్ కలపకూడదని రాసి ఇచ్చాను. శ్రీనివాస్ తల వంచుకుని నిలబడ్డాడు. అతని మీద అరవాలనుకున్నాను గానీ నాలో ఓపిక మిగల్లేదు.

మళ్ళీ స్తంభం దగ్గరికి వచ్చాం, పని సగంలోనే ఉంది. నర్సింలును ఎక్కమన్నాను. సత్తయ్య ఒప్పుకోలేదు, తనే ఎక్కుతానన్నాడు. ఇప్పుడు ఎక్కకపోతే ఇక ఎప్పటికీ ఎక్కలేనన్నాడు. నాకు వద్దనాలనే ఉంది, కానీ ఆ ముఖం చూసి వద్దనలేకపోయాను. రెండు దిక్కులా రాడ్లు వేసే ఉన్నాయి. ఒక్కొక్కటి నేను లాగి చూశాను. అతను బెల్టు పెట్టుకుని, స్తంభం మీద ఒక కాలు పెట్టి, అలాగే ఆగిపోయాడు. దిగుతాడేమో అనుకున్నాను. అతను నా వైపు తిరిగాడు.

"అడుగుండ్రి సార్."

"ఏమని?"

"మీరు రోజు అడుగుతరు గద. అడుగుండ్రి."

నర్సింలు నవ్వలేదు. నేను అడిగాను. "లైన్ క్లియర్ తీసుకున్నమా?"

"తీసుకున్నం సార్." ఒక అడుగు పైకి వేశాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పాడు. పైకి చేరాక మూడోసారి అడిగాను, మూడోసారీ చెప్పాడు. అప్పుడే పానా బయటికి తీశాడు.

ఈ వృత్తిలోకి వచ్చే కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇదే. స్విచ్ తీసినంత మాత్రాన లైను చనిపోదు. దానికి ఏ దిక్కు నుంచీ ప్రాణం రాకుండా మీ చేతులతో మీరు కట్టేస్తేనే అది చనిపోయినట్టు. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుందని చదువుకున్న ప్రతివాడికీ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. స్తంభం దగ్గర దాన్ని గుర్తు చేసేది ఒక్క భయమే.

సత్తయ్య ఇంకా మా సెక్షన్‌లోనే ఉన్నాడు. నాకు పెట్టిన పేరు మార్చలేదు. కానీ నేను పక్కన ఉంటే మాత్రం, నేను మూడుసార్లూ అడిగేదాకా తీగ ముట్టుకోడు. ఎప్పుడైనా మాటల్లో పడి నేను మరిచిపోతే, పైనుంచి పిలుస్తాడు. "సార్, అడుగుండ్రి."